పార్లొ నుంచి పర్లాందొ దాకా: ఒక ఇటాలియన్ క్రియ, 95 గళ్లు (ప్రాజెక్టు డైరీ)

పని ఇదీ. పర్లారె, అంటే మాట్లాడడం, అనే ఒకే ఒక్క ఇటాలియన్ క్రియను అన్ని రూపాల్లోనూ చూడకుండా రాయగలగాలి. ఎవరైనా అంటే విని, ఎవరి గురించి, ఏ కాలం అన్నది వెంటనే చెప్పగలగాలి. ఇది ఆరె అని ముగిసే రెగ్యులర్ క్రియ. ఇటాలియన్‌లో ఎక్కువ క్రియలు ఈ గుంపువే, కొత్తగా పుట్టేవి కూడా ఇందులోకే వస్తాయి. ఒక్కటి కుదిరితే వందల క్రియలకు అదే అచ్చు పనికొస్తుంది.

నేను ఉండేది బొలోన్యాలో. చదువుకో ఉద్యోగానికో ఇటలీ వచ్చే తెలుగువాళ్లు నేను పడ్డ చోట పడకూడదని ఇది రాస్తున్నాను.

సామాను: గళ్ల నోట్‌బుక్, ఒక పెద్ద డ్రాయింగ్ షీటు, మూడు రంగుల పెన్నులు, ఫోన్ రికార్డర్, టైమర్.

ముందు గళ్ల లెక్క, ఒక్కో రూపానికి ఒక్కో గడి:

1. ఇందికతీవొ (ఉన్నది ఉన్నట్టు చెప్పేది): 8 కాలాలు, ఆరేసి రూపాలు. 48
2. కొంజుంతీవొ (అనుకోవడం, కోరుకోవడం, సందేహం): 4 కాలాలు. 24
3. కొందిత్సియొనాలె ("అలా అయితే మాట్లాడేవాడు" లాంటిది): 2 కాలాలు. 12
4. ఇంపెరతీవొ (చెయ్యి, చెయ్యండి): 5
5. ఇన్ఫినీతొ, పర్తిచీప్యొ, జెరూంద్యొ (మాట్లాడడం, మాట్లాడిన, మాట్లాడుతూ లాంటివి): రెండేసి చొప్పున 6

మొత్తం 95. ఇందులో ఒక్క మాటతో అయిపోయేవి 51. మిగతా 44 రెండు మాటల జంటలు. ముందు 51 పట్టుకున్నాను.

మొదటి దశ: పుస్తకంలో ఉన్నట్టే బట్టీ (పాడైంది)

ఇందికతీవొలో ఒంటిమాట కాలాలు నాలుగు: వర్తమానం, ఇంపెర్ఫేత్తొ (మాట్లాడేవాడు), పస్సాతొ రెమోతొ (మాట్లాడాడు), ఫుతూరొ (భవిష్యత్తు). రోజుకో కాలం, ఒక్కోటీ ఇరవైసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను. ఐదో రోజు పరీక్ష పెట్టుకుంటే 24 గళ్లకు 21 నిమిషాలు పట్టింది, 9 తప్పులు.

అంత చెడ్డ మార్కులేం కావనిపించింది. ఆ సాయంత్రం నా గొంతు రికార్డు చేసి, నిఘంటువులో ఇటాలియన్ గొంతు పక్కన పెట్టి విన్నాను. కాగితం మీద సరిగ్గా రాసినవాటిలో కూడా కొన్ని నోట్లో తప్పుగా పలుకుతున్నాయి.

దెబ్బతిన్న చోట్లు మూడు.

మొదటిది, "వాళ్లు మాట్లాడతారు". నేను పర్లానొ అంటున్నాను. అసలు పలుకు పార్లనొ, నొక్కు మొట్టమొదటి అక్షరం మీద. పర్లాతె, పర్లారె అని మధ్యలో నొక్కి నొక్కి నాలుక దానికే అలవాటు పడింది.

రెండోది, పార్లొ, పర్లో. మొదటిది "నేను మాట్లాడతాను", రెండోది "అతను మాట్లాడాడు". ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండింటికీ తేడా చివరి అక్షరం మీద ఒక చిన్న గీత. నోట్‌బుక్‌లో ఆ గీత నాలుగుసార్లు పెట్టలేదు. గీత పోతే మనిషీ మారిపోతాడు, కాలమూ మారిపోతుంది.

మూడోది, ఫుతూరొలో పర్లరో అని రాశాను. కావలసింది పర్లెరో. పర్లారెలో ఉన్న "ఆ" కాస్తా "ఎ" అవుతుంది. ఆరు గళ్లకు ఆరూ ఇదే తప్పు.

ఇప్పటి లెక్క: గళ్లు 24/95. వేరువేరు మాటలు 24. నమ్మకంగా నోటికి వచ్చినవి 10.

రెండో దశ: పట్టికను తెలుగు లిపిలోకి మార్చడం

నాకు కావలసింది నొక్కు ఎక్కడుందో కంటికి కనబడే రాత. అది మన లిపిలోనే ఉంది. హ్రస్వ ఎ, ఒ మనకు విడిగా ఉన్నాయి. వత్తు ఉంది. త ఉంది, ట ఉంది. పెట్టుకున్న నియమాలు:

1. నొక్కిన అక్షరానికే దీర్ఘం. మిగతావన్నీ హ్రస్వం. ఒక మాటలో ఒక్కటే దీర్ఘం.
2. జంట హల్లుకు తప్పనిసరిగా వత్తు. వత్తు ముందున్న దీర్ఘాన్ని సాగదీయకూడదు, నొక్కి వదిలేయాలి.
3. త, ద మాత్రమే. ట, డ రాయకూడదు. పర్లాటొ అంటే ఇంగ్లిష్ వాసన వస్తుంది, పర్లాతొ అంటే చాలు.

ఈ లెక్కన వర్తమానం: పార్లొ, పార్లి, పార్ల, పర్ల్యామొ, పర్లాతె, పార్లనొ. ఇలా రాశాక ఒకటి స్పష్టమైంది. నేను, నువ్వు, అతను, వాళ్లు అనే నాలుగింటిలో దీర్ఘం ముందుంది. మనం, మీరు దగ్గర వెనక్కి జరిగింది. డ్రాయింగ్ షీటు మీద దీర్ఘాలను ఎర్ర పెన్నుతో కలిపితే గీత ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కింది. ఆ బొమ్మ గుర్తున్నాక పర్లానొ అనే తప్పు మళ్లీ చెయ్యలేదు.

ఇంపెర్ఫేత్తొ: పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ. ఇది "మాట్లాడేవాడు, మాట్లాడుతూ ఉండేవాడు" అన్నచోట సరిపోతుంది. మనకు ఆ తేడా పుట్టుకతోనే తెలుసు కాబట్టి అర్థంతో ఇబ్బంది లేదు. ఇక్కడ ఒక పాత వ్యాకరణం నన్ను ఒక పూట తిప్పింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అందులో "నేను" గడిలోనూ పర్లావ, "అతను" గడిలోనూ పర్లావ. అచ్చుతప్పు అనుకున్నాను, కాదు. పాత సాహిత్య ఇటాలియన్‌లో రెండింటికీ అదే రూపం. ఇటాలియన్ నవలాకారుడు మాంజోని తన నవలను ఫ్లోరెన్సు వాడుకకు దగ్గరగా తిరగరాసి 1840 నుంచి మళ్లీ అచ్చు వేయించినప్పుడు "నేను" రూపాన్ని "ఒ"తో ముగించాడు. ఇవాళ రాసేది అదే. పాత పుస్తకం కొంటే ఈ గడి చూసుకోండి.

పస్సాతొ రెమోతొ: పర్లాయి, పర్లాస్తి, పర్లో, పర్లామ్మొ, పర్లాస్తె, పర్లారొనొ. బొలోన్యాలో ఇది రోజువారీ మాటల్లో దాదాపు వినబడదు. నా రూమ్మేట్‌ది సిసిలీ. పొద్దున జరిగినదానికి కూడా ఇదే వాడతాడు. కథలు, చరిత్ర చదవాలంటే మాత్రం అందరికీ కావాలి. అందుకే కొట్టేయకుండా ఉంచాను.

తెలుగు లిపి వల్ల ఇంకో లాభం. రాజమండ్రిలో అమ్మకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. కానీ పట్టిక ఫొటో పంపితే చదివి నన్ను పరీక్షించగలదు. వీడియో కాల్‌లో అమ్మ ఎక్కడో ఒక గడి మీద వేలు పెట్టి చదువుతుంది, అది ఏ మనిషి, ఏ కాలమో నేను చెప్పాలి. రెండో రోజు ఒక గడి దగ్గర ఆగింది. "నాన్నా, ఇక్కడ మ కింద వత్తుందా లేదా? కళ్లజోడు లేదు నాకు."

ఆ వత్తే అసలు సంగతి. పర్లెరేమొ అంటే "మాట్లాడతాం". పర్లెరేమ్మొ అంటే "(వీలుంటే) మాట్లాడేవాళ్లం". మాట ఇచ్చేదానికీ తప్పించుకునేదానికీ మధ్య ఉన్నది ఒక్క వత్తు. రికార్డింగుల్లో నాకు అందని ఆ తేడా అమ్మ గొంతులో వెంటనే తెలిసింది. గదికీ గద్దెకీ తేడా తెలిసిన చెవికి ఇది కష్టం కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు ఎమ్‌లు చూసి ఒకటిగా చదివేస్తున్నాను, అంతే.

ఇప్పటి లెక్క: గళ్లు 24/95. మాటలు 24. మళ్లీ పరీక్ష: 12 నిమిషాలు, 5 తప్పులు. ఐదూ ఫుతూరొలోనే.

మూడో దశ: ఫుతూరొ విప్పి చూడడం

ఆరు గళ్లను ఇరవైసార్లు రాసినా మారని తప్పు ఇంకో ఇరవైసార్లు రాస్తే మారదు. అందుకని అది ఎలా తయారైందో చూశాను. లాటిన్‌లో "మాట్లాడడం" అనే మాట పక్కన "నాకు ఉంది" చేర్చి భవిష్యత్తు చెప్పడం మొదలైంది. కాలక్రమంలో రెండూ అతుక్కున్నాయి. "ఉండడం, కలిగి ఉండడం" అనే క్రియ ఇటాలియన్‌లో అవేరె. దాని వర్తమానం తెలుగులో రాయండి: ఓ, ఆయి, ఆ, అబ్బ్యామొ, అవేతె, ఆన్నొ.

ఇప్పుడు పర్లెర్ పక్కన పెట్టండి:

1. పర్లెర్ + ఓ = పర్లెరో
2. పర్లెర్ + ఆయి = పర్లెరాయి
3. పర్లెర్ + ఆ = పర్లెరా
4. పర్లెర్ + (అబ్బ్యామొ కాదు, ఏమొ) = పర్లెరేమొ
5. పర్లెర్ + (అవ్ ఊడిన) ఏతె = పర్లెరేతె
6. పర్లెర్ + ఆన్నొ = పర్లెరాన్నొ

చిన్నప్పుడు బోర్డు మీద సంధి విడదీసినట్టే ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ అవేరె రూపాల్లో నాలుగింటి ముందు పలకని హెచ్ ఒకటి ఉంటుంది. అందుకే ఈ పోలిక ఎన్నాళ్లు చూసినా కంటికి ఆనలేదు. తెలుగులో రాయగానే బయటపడింది.

కొందిత్సియొనాలె కూడా ఇలాగే పుట్టింది, కాకపోతే అవేరె భూతకాలం అతుక్కుంది. ఏబ్బె అంటే "అతనికి ఉండింది". పర్లెర్ + ఏబ్బె = పర్లెరేబ్బె, "అతను మాట్లాడేవాడు". వరసగా పర్లెరేయి, పర్లెరేస్తి, పర్లెరేబ్బె, పర్లెరేమ్మొ, పర్లెరేస్తె, పర్లెరేబ్బెరొ. ఒక్క పూటలో ఆరు గళ్లు నిండాయి, తప్పు లేదు.

ఇక పర్లరో. ఫ్లోరెన్సు మాటలో నొక్కు లేని అర్ ఎర్‌గా మారింది. పక్కనే ఉన్న సియెనాలో పాతకాలంలో అర్ అలాగే ఉండేది. అంటే నేను రాసింది గాల్లోంచి పుట్టిన తప్పు కాదు, సియెనా పాత పలుకుబడి. నిలబడింది ఫ్లోరెన్సు పలుకు కాబట్టి ఎర్. కారణం తెలిశాక చెయ్యి దానంతటదే ఎర్ రాయడం మొదలుపెట్టింది.

వాడుక గురించి ఒక మాట. రేపటి సంగతికి ఇక్కడివాళ్లు చాలాసార్లు వర్తమానమే వాడతారు, "దొమాని పార్లొ" అని. ఫుతూరొ నాకు ఎక్కువ వినబడేది ఊహకు. "ఎక్కడున్నాడు?" అంటే "పర్లెరా కొన్ ల మాద్రె", వాళ్లమ్మతో మాట్లాడుతుంటాడు. మనం "మాట్లాడుతుంటాడు" అన్నప్పుడు కూడా అది ఊహే కదా, అచ్చం అలాగే.

ఇప్పటి లెక్క: గళ్లు 30/95. మాటలు 30.

నాలుగో దశ: కొంజుంతీవొ

రాయడం తేలిక. వర్తమానం: పార్లి, పార్లి, పార్లి, పర్ల్యామొ, పర్ల్యాతె, పార్లినొ. ఇంపెర్ఫేత్తొ: పర్లాస్సి, పర్లాస్సి, పర్లాస్సె, పర్లాస్సిమొ, పర్లాస్తె, పర్లాస్సెరొ. 12 గళ్లకు కొత్త మాటలు 6 మాత్రమే.

ఎక్కడ వాడాలన్నదే కష్టం. తెలుగులో "మాట్లాడుతుంది" అన్నా, "మాట్లాడుతుందనుకుంటా" అన్నా క్రియ మారదు, వెనక "అనుకుంటా" చేరుతుంది. ఇటాలియన్‌లో "క్రేదొ కె" (అనుకుంటా) తరువాత పార్ల పోయి పార్లి రావాలి. మొదటి వారం నా వాక్యాలు పదింట ఎనిమిది తప్పు. నియమాలు చదివితే లాభం లేకపోయింది. పనికొచ్చింది ఇది: మనం తెలుగులో "అని" పెట్టి అనుకోవడం, భయపడడం చెప్పేచోట, "మాట్లాడాలని" కోరుకునేచోట ఆగి చూసుకోవడం. "అన్నాడు" అని ఊరికే చెప్పేచోట మాత్రం మామూలు రూపమే.

ఇంకో పెద్ద తప్పు "అయితే" వాక్యంలో. "బాగా మాట్లాడగలిగితే పని దొరికేది" అనడానికి "సె పర్లెరేయి" అని మొదలుపెట్టాను. "సె పర్లాస్సి బేనె, త్రొవెరేయి లవోరొ" అనాలి. "అయితే" ఉన్న సగంలో పర్లాస్సి, ఫలితం ఉన్న సగంలో రేయి అని ముగిసే రూపం. ఇటలీలో పిల్లలు కూడా ఈ తప్పు చేస్తారు, బళ్లో దిద్దుతారు. నా షీటు మీద "సె పక్కన రేయి కూర్చోదు" అని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

పార్లి మూడు గళ్లలో ఒకేలా ఉంది కాబట్టి ఇక్కడ "నేను, నువ్వు, అతను" అన్న మాట విడిగా చెప్పకపోతే అర్థం కాదు. మిగతాచోట్ల మనలాగే చెప్పక్కర్లేదు. "మాట్లాడతాను" అంటే చాలు, "నేను" ఎందుకు? పార్లొ కూడా అంతే. ప్రతిసారీ "ఈయొ పార్లొ" అనడం ఇంగ్లిష్ నుంచి వచ్చిన అలవాటు, మానుకోవడానికి నాకు పది రోజులు పట్టింది.

ఇప్పటి లెక్క: గళ్లు 42/95. మాటలు 36.

ఐదో దశ: ఇంపెరతీవొ, మిగతా ఒంటిమాటలు

5 గళ్లు, కొత్త మాట ఒక్కటీ లేదు. అయినా ఎక్కువ బాధపడ్డది ఇక్కడే.

మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది. మెట్ల దగ్గర చెత్త తీసే రోజుల గురించి ఏదో గబగబా చెప్తోంది. నాకు అందడం లేదు. "పార్ల ప్యూ ప్యానొ" అన్నాను, కొంచెం నెమ్మదిగా మాట్లాడు అని. ఆవిడ ఏమీ అనలేదు, నెమ్మదిగా మళ్లీ చెప్పింది. పైకి వచ్చి షీటు చూశాక తెలిసింది, ఆవిడను నువ్వు అన్నాను. మన ఊళ్లో ఆ వయసావిడను "మాట్లాడు" అనే ధైర్యం నాకు కలలో కూడా ఉండదు. "పార్లి ప్యూ ప్యానొ, పెర్ ఫవోరె" అనాలి. మర్నాడు దిగి వెళ్లి క్షమించమని అడిగాను, ఈసారి పార్లితోనే మాట్లాడాను.

పొరపాటుకు కారణం పట్టిక వరస. వర్తమానంలో పార్లి అంటే "నువ్వు", పార్ల అంటే "అతను". ఆజ్ఞలో తిరగబడుతుంది: పార్ల అంటే "మాట్లాడు", పార్లి అంటే "మాట్లాడండి". ఆ గౌరవ రూపం కొంజుంతీవొ నుంచి అరువు తెచ్చుకున్నది. ఇప్పుడు షీటు మీద ఈ రెండు గళ్ల పక్కన "మాట్లాడు", "మాట్లాడండి" అని తెలుగులో రాసి ఉంచాను.

"మాట్లాడకు" అనడానికి ఇంకో దారి: నోన్ పర్లారె. ఇన్ఫినీతొ రూపమే. "నోన్ పార్ల" అంటే "అతను మాట్లాడడు" అయిపోతుంది.

మిగిలినవి పర్లారె, పర్లాంతె (మాట్లాడే), పర్లాతొ (మాట్లాడిన), పర్లాందొ (మాట్లాడుతూ). గంట పని.

ఇప్పటి లెక్క: గళ్లు 51/95. మాటలు 40. అంటే 11 గళ్లు ఉన్న మాటలే మళ్లీ వచ్చినవి. పార్లి ఒక్కటే ఐదు గళ్లు నింపుతోంది.

ఆరో దశ: 44 జంటలు

అవేరె రూపం ఒకటి, పక్కన పర్లాతొ. ఓ పర్లాతొ, "మాట్లాడాను". అవేవొ పర్లాతొ, "అప్పటికే మాట్లాడి ఉన్నాను". పర్లాతొ కదలదు. మొదట "మేము మాట్లాడాం" కు అబ్బ్యామొ పర్లాతి అని బహువచనం చేశాను, అది తప్పు. వెళ్లడం, రావడం లాంటి క్రియలు వేరే సహాయక్రియ తీసుకుని ఆడామగా బట్టి మారతాయి, పర్లారె మారదు.

ఈ 44కీ కావలసిన అవేరె మాటలు 39. వాటిలో కొన్ని మూడో దశలో చూసినవే. నాలుగు రోజుల్లో అయింది.

రెండు విషయాలు రాసి పెడుతున్నాను.

"మాట్లాడతానని అన్నాడు" అనడానికి మనం మామూలు భవిష్యత్తే వాడతాం. ఇటాలియన్‌లో గతంలో నిలబడి ముందుకు చూస్తే జంట కొందిత్సియొనాలె రావాలి: ఆ దేత్తొ కె అవ్రేబ్బె పర్లాతొ. తెలుగు నుంచి ఆలోచిస్తే ఇది ఎప్పటికీ తట్టదు. వాక్యాన్నే కంఠతా పట్టాను.

రెండోది, నా పద్ధతిలో ఉన్న లోపం. తెలుగు లిపిలో పలకని హెచ్ మాయమవుతుంది. ఆన్నొ అంటే "వాళ్లకు ఉంది", ఆన్నొ అంటే "సంవత్సరం" కూడా. ఒక ముఖ్యమైన మెసేజ్‌లో హెచ్ లేకుండా రాసి పంపాను. "వాళ్లు మాట్లాడారు" కాస్తా "సంవత్సరం మాట్లాడిన" అయింది. అందుకని షీటు మీద ఓ, ఆయి, ఆ, ఆన్నొ అనే నాలుగు గళ్లకు మాత్రం ఇటాలియన్ స్పెల్లింగ్ కూడా రాసి, హెచ్ ఎర్రగా దిద్దాను. తెలుగు పట్టిక చెవికి. రాతకు రెండో పట్టిక తప్పదు.

ఇప్పటి లెక్క: గళ్లు 95/95. మాటలు 40, అవేరెవి 39. పూర్తి పరీక్ష: 34 నిమిషాలు, 6 తప్పులు. ఏబ్బి పర్లాతొ వరస ఆరు గళ్లు పుస్తకాల్లో తప్ప దొరకవు, వాటిని గుర్తుపడితే చాలనుకుని రాయడం మానేశాను.

ఏడో దశ: అచ్చు వేరే క్రియలకు సరిపోతుందా

చెర్కారె (వెతకడం) తీసుకున్నాను. పుస్తకాల్లో దీనికి ప్రత్యేక నియమం ఉంటుంది, ఇ, ఎ ముందు హెచ్ చేర్చాలని. తెలుగులో చేర్కొ, చేర్కి, చెర్కెరో. ఏ ప్రత్యేకతా లేదు. పలుకు మారకుండా కాపాడడానికే స్పెల్లింగ్ మారుతోంది.

తరువాత అబితారె (నివసించడం). ఇక్కడ అచ్చు పగిలింది. ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట ఇది. నేను "అబీతొ" అంటున్నాను. అసలు పలుకు ఆబితొ. "వాళ్లు" అయితే ఆబితనొ, నొక్కు చివరి నుంచి నాలుగో అక్షరం మీద. వర్తమానంలోనూ దాని కొంజుంతీవొలోనూ నొక్కు ధాతువు మీద పడే గళ్లలో అది ఎక్కడ పడుతుందో క్రియను బట్టి మారుతుంది. మిగతా గళ్లలో నొక్కు ప్రత్యయం మీదే, అక్కడ పర్లారె అచ్చు చెక్కుచెదరదు.

మార్పు: కొత్త క్రియ నోట్‌బుక్‌లో ఎక్కించేటప్పుడు రెండు మాటలు రాస్తున్నాను. అబితారె, ఆబితొ. లవొరారె, లవోరొ. తెలెఫొనారె, తెలేఫొనొ. ఇప్పటికి 31 క్రియలు.

నిన్న

ఊరి నుంచి సాన్ లూకా కొండ మీది చర్చి దాకా కప్పు వేసిన నడవ ఉంది, 666 తోరణాలు, దగ్గర దగ్గర 4 కిలోమీటర్లు. తోరణానికి ఒక మాట చొప్పున 40 మాటలూ వరసగా పైకే చెప్పుకుంటూ ఎక్కాను. 16 చుట్లు పూర్తయి ఇంకా 26 తోరణాలు మిగలాలి. 26వ మాట పర్లెరేస్తి. ఏడుచోట్ల తడబడ్డాను, అందులో ఐదు పర్లాస్సిమొ దగ్గర. పైన తలుపు ముందు నా నోట్లో ఉన్న మాట పర్లెరేమ్మొ, 28వది. ఎక్కడో రెండు తోరణాల కింద రెండేసి మాటలు చెప్పేశాను. వచ్చే ఆదివారం మళ్లీ ఎక్కుతాను.